లా బోరీలో మూడు ఓట్లు

లా బోరీ పల్లెలో ఇల్లు చూడడానికి వెళ్ళిన రోజున అషీల్ మమ్మల్ని అడిగిన మొదటి మాట, చలికాలంలో పొయ్యి వెలిగిస్తారా అని. ఇల్లు ఆయనది కాదు. ఆయన పక్కింటి ముసలావిడ పోయాక ఆమె పిల్లలు అమ్మకానికి పెట్టారు. ఆ ముగ్గురూ మూడు పట్నాల్లో ఉంటారు. తాళంచెవి మాత్రం ఈయన దగ్గరుంది. డెబ్భై దాటిన మనిషి, పేడ అంటిన రబ్బరు బూట్లు, నెత్తిన ఉన్ని టోపీ. తలుపు తియ్యకుండా తాళంచెవిని అరచేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఆగస్టులో వచ్చి, ఎండ తగ్గగానే తాళం వేసుకుపోయే రకమైతే ఇప్పుడే చెప్పండి. మీకూ నాకూ కాళ్ళనొప్పులు తప్పుతాయి" అన్నాడు.

ఏడాది పొడుగునా ఉంటామని మా ఆయన రెజీస్ చెప్పాడు. క్లెర్మో పట్నంలో నాలుగో అంతస్తులో, ఇద్దరు మనుషులు ఒకేసారి తిరగలేని వంటగదిలో కాపురం చేసి చేసి విసిగిపోయినవాళ్ళం. ఆ రాతి గోడలూ, మనిషి నిలబడగలిగినంత పొయ్యీ చూశాక ఏమడిగినా ఒప్పుకునేటట్టే ఉన్నాం. మాకంటే ముందు హాలండు నుంచి వచ్చిన ఒక జంట ఎక్కువ ధర ఇస్తామన్నారని తర్వాత తెలిసింది. అషీల్ ఆ ముగ్గురు పిల్లలకీ ఫోన్ చేసి, మీ అమ్మ పొయ్యి ఆరిపోకుండా చూసేవాళ్ళకే ఇవ్వండి అని పట్టుబట్టాడట. చిన్నప్పుడు వాళ్ళని ట్రాక్టరు మీద బడికి దించినవాడు కాబట్టి కాదనలేకపోయారు. ఆ ఇల్లు మాకు దక్కింది ఆయన నోటిమాట మీద.

ఆయనకి మా పొయ్యి మీద అంత పట్టింపు ఎందుకో చెప్పాలి. లా బోరీలో ఉన్నవి ఏడిళ్ళు, ఐదింటికి తాళాలు. వెనక కొండ మీద పెద్ద పచ్చిక బీడు ఉంది. అది ఏ ఒక్కరి పేరునా లేదు. ఫ్రాన్సు నడిమి ఈ కాంతాల్ కొండల్లో తాతల నాటి పద్ధతి అది. పల్లెలో ఎవరి పొగగొట్టం చలికాలం కూడా పొగ వదులుతుందో వాళ్ళందరిదీ ఆ బీడు. ఇల్లు ఉంటే చాలదు, పొయ్యి వెలగాలి. పొగలన్నీ ఆగిపోతే బీడు కింది ఊరి పంచాయతీకి పోతుంది. మేం వచ్చేదాకా లా బోరీలో పొగ అషీల్ ఇంటిదొక్కటే. పిల్లలు లేరు. భార్య లియోంతీన్ మతి తప్పి, బజారు ఊళ్ళో వృద్ధాశ్రమంలో ఉంది. ఆయన ఎర్ర ఆవులు వేసవంతా ఆ బీడు మీదే మేస్తాయి. బీడు లేకపోతే ఆవుల్ని మేపలేడు. ఆవులు లేకపోతే పొద్దున్నే లేవడానికి ఆయనకి ఇంకో కారణం లేదు.

మా మొదటి చలికాలంలో ఒకరోజు బద్ధకించి పొయ్యి ఆరిపోనిచ్చాను. మోకాలి లోతు మంచులో, చంకనిండా కట్టెలతో అషీల్ వచ్చి తలుపు బాదాడు.

"బతికే ఉన్నారా? పొగ కనపడకపోతే మంచం మీదే బిగుసుకుపోయారనుకున్నా. పట్నం అమ్మాయ్, నీకు పొయ్యిని పడుకోబెట్టడం కూడా రాదా?" అని, నేలమీద కూలబడి, నిప్పుల మీద బూడిద కప్పి తెల్లారేదాకా కాపాడడం ఎలాగో చూపించాడు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు మా ఇంట్లోనే గడిపేవాడు. క్యాబేజీ సూపు తాగి, పేకముక్కలు పంచేవాడు. దొంగాట ఆడేవాడు. పట్టుకుంటే ఉన్నట్టుండి చెవుడు వచ్చేది. రెజీస్ ఆ చలికాలంలో ఒక్క ఆట కూడా గెలవలేదు, అయినా అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

వసంతంలో రెజీస్ పనిచేసే జున్ను ఫ్యాక్టరీ మూతపడింది. యాభై దాటిన మనిషి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. సాయంత్రం కారు దిగి తలుపు వేసే చప్పుడులోనే ఆ రోజు ఏమైందో నాకు తెలిసిపోయేది. నాకు లియోంతీన్ ఉండే వృద్ధాశ్రమం వంటగదిలో పూటపని ఉంది. దాంతో ఇద్దరం చలికాలం దాటలేం. నవంబరులోగా పని దొరక్కపోతే ఇల్లు అమ్మేసి, క్లెర్మోలో మా అక్క ఇంటి వెనక గదిలోకి పోవాలి. ఆ మాట ఒకసారే అనుకున్నాం. మళ్ళీ ఎత్తలేదు.

జూన్‌లో కింది ఊరి మేయరు ఎస్తెల్ మా ఇంటికి వచ్చింది. మంచి మనిషే. ఆవిడ చెప్పింది వింటే తప్పు పట్టడానికేమీ కనపడలేదు. సెలవులకి వచ్చేవాళ్ళ కోసం కొయ్య గుడిసెలు కట్టే కంపెనీ ఒకటి మా కొండ బీడుని అడుగుతోంది. ఆ డబ్బు వస్తే బడి పైకప్పు బాగవుతుంది. రోడ్ల పని చూసే మనిషి అక్టోబరు ఆఖరుకి రిటైరవుతున్నాడు. డబ్బు రాకపోతే ఆ ఉద్యోగమే ఉండదు. వస్తే రెజీస్‌కి ఇస్తారు. ట్రాక్టరు వచ్చు, ఉండేది ఇక్కడే, ఇంకెవర్ని వెతుకుతాం అంది. కాకపోతే బీడు అమ్మాలంటే లా బోరీ వాళ్ళు ఓటేసి ఒప్పుకోవాలి. సెప్టెంబరులో ఓటింగు.

ఆ సాయంత్రం అషీల్‌కి రెజీసే చెప్పాడు, తలెత్తకుండా. అషీల్ ముక్కలు కలుపుతూ నవ్వాడు.

"నాదొక పొయ్యి, మీదొక పొయ్యి. ఒకటీ ఒకటీ. ఎటూ తేలదు. తేలకపోతే బీడు ఉన్నచోటే ఉంటుంది. ఆట వెయ్యరా అబ్బాయ్."

మా పొయ్యి ఎటు చెబుతుందని అడగలేదు. అది ఆయన మర్యాద. వెనకటి రోజుల్లో ఇలాంటివి చర్చి ముందు తేల్చుకునేవాళ్ళు, ఇంటికొక మనిషి చెయ్యెత్తేవాడు. ఇంటికి ఒక మాట. ఆయన జీవితమంతా అలాగే లెక్కపెట్టాడు.

ఒకరోజు పల్లెకి రొట్టెలమ్మే బండి వచ్చినప్పుడు ఆ లెక్క తప్పిపోయింది. మేయరు కూడా ఆ పూట బండి దగ్గరే ఉంది. అషీల్ ఆవిడతో వేళాకోళంగా, ఒకటీ ఒకటీ కొట్టేస్తే మీ గుడిసెలు ఎక్కడ కడతారు అన్నాడు. ఆవిడ ఇబ్బంది పడుతూ చెప్పింది, చట్టంలో ఓటు ఇంటికి ఉండదు, మనిషికి ఉంటుందని. లియోంతీన్ పేరు ఆశ్రమం ఉన్న ఊరి ఓటర్ల జాబితాకి మారిపోయింది. అందుకని లా బోరీలో ఓట్లు మూడే, ఆయనదొకటి, మావి రెండు. అషీల్ రొట్టె తీసుకున్నాడు.

"ఒక పొగగొట్టానికి రెండు నోళ్ళు ఎప్పుడొచ్చాయి?" అని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా, రొట్టె చంకలో పెట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు.

నేను అక్కడే ఉన్నాను. చిల్లర చేతిలో పట్టుకుని, బండావిడ నన్ను రెండుసార్లు పిలిచేదాకా కదల్లేదు. తనని ఓడించే రెండు ఓట్లనీ ఆయనే ఏరి కోరి తెచ్చి పక్కింట్లో పెట్టుకున్నాడు. హాలండు వాళ్ళు కొనివుంటే, ఏడాదంతా ఉండరు కాబట్టి వాళ్ళకి ఇక్కడ ఓటే ఉండేది కాదు, ఆయన బీడు ఆయన బతికున్నంత కాలం భద్రంగా ఉండేది. ఆ ఆలోచన వచ్చాక ఆ ఇంట్లో ఏ గదిలో కూర్చున్నా నాకు దొంగసొత్తు మీద కూర్చున్నట్టే ఉండేది.

ఆ సాయంత్రం ఆయన పేకకి రాలేదు. మర్నాడు వచ్చాడు. ఓటు ఊసు ఎత్తలేదు. దొంగాట కూడా ఆడలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

"నేను అవుననే వేస్తాను" అన్నాడు రెజీస్ ఒక పొద్దున కాఫీ తాగుతూ. "నువ్వూ అంతే కదా, నదేజ్. ఆయనకి ఇంకెన్నాళ్ళు ఆ కొండ ఎక్కే ఓపిక ఉంటుంది? మనం ఇంకా బతకాలి."

అది ప్రశ్న కాదు. ఊఁ అన్నాను. మాట అయితే అనేశాడు గానీ అతనికి నిద్ర పట్టడం లేదు. ఎవరూ అడక్కుండానే వెళ్ళి అషీల్ ఇంటి కంచె బాగుచేసి వచ్చాడు. ఇంకోరోజు గొడ్డలికి సాన పట్టి పెట్టాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం రొట్టె, కాఫీ పట్టుకుని కొండ మీదికి వెళ్ళాను. వేసవంతా అషీల్ అక్కడ రాతి పాకలో ఉండి పాలు తీస్తాడు. ఆ ఎర్ర ఆవులు దూడ పక్కన లేనిదే చేపవు. దూడని తల్లి ముందుకాలికి కట్టి, దాని వీపు మీద ఇంత ఉప్పు చల్లితే, తల్లి దాన్ని నాకుతూ పాలు చేపుతుంది. ఆయన ఒంటికాలి పీట నడుముకి కట్టుకుని ఆవు పక్కన కూర్చుని ఉన్నాడు.

"వాడికి పనేమైనా దొరికిందా?" అన్నాడు, ఆవు పొట్టకి తల ఆనించి.

దొరకలేదన్నాను.

"దొరక్కపోతే?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవలసింది. కొండెక్కిన అలసటో, ఇన్నాళ్ళు బిగబట్టుకున్నదో, నోరు జారాను. "నవంబరులో ఇల్లు అమ్మేస్తాం, పెద్దాయనా. మా అక్క దగ్గరికి పోతాం."

పాల చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. "ఎవరు కొంటారు?"

"హాలండు వాళ్ళు ఇంకా అడుగుతున్నారట."

"ఆగస్టు మనుషులు" అన్నాడు. లేచి, దూడ వీపు మీద మళ్ళీ ఉప్పు చల్లాడు. "ఇంక ఒక్క పొగ. నేను పోతే అదీ ఉండదు. అప్పుడు బీడు ఎలాగూ పంచాయతీదే."

నన్ను పొడవడానికే ఆ మాట అన్నాడనుకుని కోపం వచ్చింది. ఇంటికి దిగి వస్తూ దారిలో నిర్ణయించుకున్నాను, కాదని వేస్తానని. నా ఓటూ ఆయన ఓటూ కలిస్తే రెండు. బీడు నిలుస్తుంది, మేం వెళ్ళిపోతాం. ఆయన మీద ప్రేమతోనే అలా అనుకున్నానని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ ఆ రోజు నాకు కావలసింది నా చేతికి మరక అంటకపోవడం. ఇల్లు పోయాక రెజీస్ మా అక్క ఇంటి వెనక గదిలో ఎలా కూర్చుంటాడో అప్పుడు నేను తలచుకోలేదు. అతని ఊపిరి ఆ ఇంట్లోనే ఉందని నాకు తెలుసు.

సెప్టెంబరులో ఒక ఆదివారం, పంచాయతీ హాల్లో ఓటింగు జరిగింది. అషీల్ సూటు వేసుకుని వచ్చాడు. దానికి పట్టిన కలరా ఉండల వాసన గదంతా నిండింది. ముగ్గురు ఓటర్లం, మేయరు, గుమాస్తా, అంతే. అవును అని అచ్చయిన చీటీ ఒకటి, కాదు అని ఇంకొకటి తీసుకోవాలి. తెర వెనక్కి వెళ్ళి, కావలసింది కవర్లో పెట్టి, రెండోది జేబులో వేసుకుని రావాలి. రెజీస్ మొదట వెళ్ళి వచ్చాడు, మొహం పాలిపోయి ఉంది. తర్వాత నేను వెళ్ళాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు. అషీల్ లోపల చాలాసేపు ఉన్నాడు. కళ్ళద్దాలు మరిచిపోయారా అని మేయరు అడిగింది.

"ఉన్నవి రెండు ముక్కలే, దీనికి అద్దాలెందుకు" అన్నాడు తెర వెనకనుంచి.

మేయరు కవర్లు విప్పింది. మొదటిది అవును. రెండోది కాదు. ఇంకొకటి కూడా కాదనే వస్తుందని, రెజీస్ మొహం ఎలా చూడాలా అని నేను ముందే తల దించుకున్నాను. మేయరు మూడోది విప్పి చదివింది. అవును.

బల్ల కింద రెజీస్ నా చెయ్యి వెతికి గట్టిగా నొక్కాడు. నాకు కృతజ్ఞత చెబుతున్నాడు. అషీల్ ఒళ్ళో ఉన్న టోపీ చూసుకుంటున్నాడు. తర్వాత ఒక్కసారి కళ్ళెత్తి నావైపు చూశాడు. కాదన్నది ఎవరో ఆయనకి తెలిసింది. రెండో అవును ఎవరిదో నాకు తెలిసింది. తెలియనివాడు నా చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషొక్కడే.

ఊళ్ళో మాటలు రెండు రోజుల్లో మొదలయ్యాయి. పట్నం వాళ్ళిద్దరూ ఒక్కటై ముసలాయన బీడు మింగేశారన్నారు. రొట్టెల బండావిడ నాతో వాతావరణం గురించి మాట్లాడడం మానేసింది. రెజీస్ ప్రతి మాటా పడ్డాడు. కాదనడానికి అతని దగ్గర ఏముంది? ఇంట్లో తల పట్టుకుని, మనం చేసింది అలాంటిదే మరి, అనుకోనీ, అనేవాడు. ఒక్క ముక్క చెబితే ఆ బరువు దిగిపోతుంది. ఆయన బీడు ఆయనే ఇచ్చాడు, మనం తినలేదు అని. కానీ ఆ ముక్క చెబితే, మరి కాదన్న ఓటు ఎవరిదని అడుగుతాడు. రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ సూపు గిన్నె దగ్గరికి లేచి వెళ్ళాను.

అక్టోబరులో ఆవులు కొండ దిగాయి. ఈసారి కొట్టంలోకి వెళ్ళలేదు, సరాసరి లారీ దగ్గరికే. అంతకుముందు రోజు అషీల్ ఆశ్రమానికి వచ్చి లియోంతీన్ పక్కన కూర్చుని, అమ్మేస్తున్న ఆవుల పేర్లు ఒక్కొక్కటే ఆమెకి చెప్పాడు. ఆమె ప్రతి పేరుకీ సంతోషంగా తలూపింది. నేను వంటగది కిటికీలోంచి వింటూ ఆలుగడ్డలు చెక్కు తీస్తున్నాను. వేలు కోసుకున్నాను.

లారీ ఎక్కించడానికి రెజీస్ కూడా వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. చివరి ఆవు ఎక్కాక, లారీ మలుపు తిరిగాక, రెజీస్ అషీల్ ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లోంచి తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నదేజూ నేనూ కలిసి మీకు ఈ పని చేశాం. నాకు మిమ్మల్ని క్షమాపణ అడగడానికి కూడా ముఖం చెల్లడం లేదు" అన్నాడు.

అషీల్ అతన్ని చూడలేదు, నన్ను చూశాడు. నా మాట కోసం ఆగాడు. ఎంతసేపు ఆగాడో చెప్పలేను, లారీ చప్పుడు లోయలోకి దిగి వినపడకుండా పోయింది. అప్పుడు ఆయనే అన్నాడు.

"మొగుడూ పెళ్ళాలు కలిసి వెయ్యకపోతే ఇంకెవరు వేస్తార్రా. ఒక పొయ్యి, ఒక మాట. నాకేం ఆశ్చర్యం లేదు. నా మోకాళ్ళు ఎలాగూ పోయాయి, ఇంక ఎక్కేవాణ్ణి కాదు."

రెజీస్ అక్కడే, ఖాళీ కొట్టం ముందు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అషీల్ అతని భుజం తట్టాడు. నేను కొట్టం గొళ్ళెం సరిచేస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను.

మర్నాడు రెజీస్ లేనప్పుడు ఆయన ఇంటికి వెళ్ళాను. వంటింట్లో ఒక్కడే కూర్చుని ఆవుల మెడగంటలకి నూనె రాస్తున్నాడు, ఇంక దేనికో తెలియదు. ఎందుకలా చేశారని అడిగాను.

"నువ్వెందుకు వేశావో నేనడిగానా?" అన్నాడు. గుడ్డ మడతపెట్టి, ఇంకో గంట తీసుకున్నాడు. "వాడికి చెప్పకు, అమ్మాయ్. ఇంట్లోంచి వెళ్ళగొట్టే ఓటు నీ చేత్తో వేశావని తెలిస్తే, వాడు ఊళ్ళో మాటలు పడినట్టు దాన్ని పడలేడు."

నా మంచికే చెప్పాడు. కానీ ఆ మాటతో నాకు నోరు మూసుకోవడానికి సాకు దొరికింది. నేను వెంటనే, సిగ్గులేకుండా, దాన్ని పట్టుకున్నాను.

రెజీస్ పనిలో చేరాడు. ఈ ఏడు మంచు తొందరగా పడింది. పంచాయతీ ట్రాక్టరు మా గుమ్మం ముందే ఉంటుంది. అయినా రోడ్డు మీదికి వెళ్ళేముందు, ఇంకా చీకటి ఉండగానే, పార పట్టుకుని అషీల్ వాకిలి చేత్తో తీస్తాడు. గుమ్మం నుంచి కట్టెల గూడు దాకా, అక్కణ్ణించి రోడ్డు దాకా. చెమటలు పట్టినా ఆగడు. యంత్రంతో తియ్యొచ్చు కదా అన్నాను ఒకసారి. అది పంచాయతీ చేసినట్టవుతుంది, నేను చేసినట్టు కాదు అన్నాడు.

అషీల్ వద్దనడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు కాబట్టి. శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడి, వంగిన రెజీస్ వీపు మీదుగా మా కిటికీ వైపు చూస్తాడు. నేను కిటికీలో ఉంటాను. కాసేపు చూసుకుంటాం. ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటాడు.

ఇవాళ పొద్దున రెజీస్ లోపలికి వచ్చేసరికి వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి. కాఫీ గిన్నె పట్టుకోలేకపోయాడు. నేను ఆ చేతులు నా చేతుల్లోకి తీసుకుని రుద్దుతూ కూర్చున్నాను. అప్పుడన్నాడు.

"ఇద్దరం కలిసి వేశాం కాబట్టి సరిపోయింది, నదేజ్. నేనొక్కణ్ణే చేసివుంటే మొయ్యలేకపోయేవాణ్ణి."

ఊఁ అన్నాను. రెండో చెయ్యి ఇవ్వమన్నాను.